పానకు దొరికిన కారు

నర్సన్న మస్కట్ నుంచి రెండు నెలల సెలవు మీద కోరుట్లకు వచ్చి నెల దాటింది. తిరుగు టికెట్టు ట్రంకుపెట్టెలో, పోశవ్వ పట్టుచీర మడతలో ఉంది. దాని మీది తారీఖు గుర్తొచ్చినప్పుడల్లా అతనికి అన్నం సహించేది కాదు. ఎనిమిదేళ్ళు అరబ్బు ఇంట్లో కారు తోలాడు. పెద్ద కారే, లోపల చల్లగా ఉండేది. కానీ పక్క సీట్లో ఒక్కనాడూ పోశవ్వ కూర్చున్నది లేదు. ఇక చాలనుకున్నాడు. సొంతంగా ఒక కారు కొని, కోరుట్లలోనే కిరాయికి తిప్పుకుంటూ ఉండిపోవాలని అతని కోరిక.

పోశవ్వకూ అదే కోరిక. అయితే ఆమె వట్టి మాటలను నమ్మే మనిషి కాదు. కిందటి సెలవులో నర్సన్న మస్కట్ నుంచి మిక్సీ తెచ్చాడు. మూడు నెలలకే దాని అడుగున ఒక రబ్బరు బిళ్ళ అరిగిపోయింది. ఆ బిళ్ళ కోరుట్లలో దొరకలేదు, జగిత్యాలలో దొరకలేదు, హైదరాబాదు పోయినవాళ్ళు కూడా వట్టి చేతులతోనే వచ్చారు. ఇప్పుడా మిక్సీ మామిడికాయ తొక్కు జాడీ మూత మీద బరువుగా ఉంది. పసుపు కొమ్ములు ఆరబోస్తూ పోశవ్వ ఒకే మాట చెప్పింది.

"కారు కొంటవో కచ్చురం కొంటవో నాకు తెల్వది. పొద్దుగాల పోయి మాపటికి ఇంటికొచ్చే బండి కావాలె. గసొంటిది తెస్తే ఈడ ఉండు. తొక్కు జాడీ మీద పెట్టేది తెస్తే మాత్రం, టికెట్టు పెట్టెలనే ఉన్నది."

నర్సన్న మనసు ఒక కారు మీద పడి ఉంది. ఆ మధ్యనే కొత్తగా వచ్చిన చిన్న కారు. తెల్లగా, చేతిలో పట్టేటంత ముద్దుగా ఉంటుంది. దుబాయి, మస్కట్ పోయి వచ్చిన వాళ్ళందరి నోటా అదే మాట. జగిత్యాలలో కార్లు అమ్మించే వెంకటేశం సేటు దగ్గర అలాంటిది ఒకటే ఉందని తెలిసి నర్సన్న మరుసటి రోజే బస్సెక్కాడు.

ఒకటే ఎందుకు ఉందంటే, మిగతావి రాలేదు. ఆ ఏడు చలికాలం పోతూ పోతూ అడవిలో ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగింది. నక్సలైటు అన్నలు బందుకు పిలుపిచ్చారు. అది ముగిసిందనుకుంటే ఇంకొకటి. రోడ్లకు అడ్డంగా చెట్లు పడ్డాయి, ఒక కల్వర్టు లేచిపోయింది. హైదరాబాదు నుంచి సామాన్ల లారీలు ఇటు మొహం చూపడం మానేశాయి. జగిత్యాల స్పేర్ పార్టుల దుకాణాల్లో అల్మారాలు బోసిపోయాయి. కొత్త కారుకు పేరు రాయించుకున్న డాక్టరు విసిగిపోయి స్కూటరు కొనుక్కున్నాడు. కాంట్రాక్టరు ఒకాయన పాత జీపుకే రంగు వేయించాడు. నిన్నటిదాకా పాత కారును గొడ్ల కొట్టం పక్కన పడేసినవాళ్ళు దాన్ని కడిగి, తుడిచి, వాకిట్లోకి తెచ్చి, ఎవరైనా అడుగుతారేమోనని అరుగు మీద కూర్చోసాగారు.

వెంకటేశం సేటు చాలా మర్యాదస్తుడు. నర్సన్నకు చాయ్ తెప్పించాడు. రేకుల షెడ్డులో కారు మీది గుడ్డ సగం తీసి చూపించాడు. నర్సన్న అలవాటు కొద్దీ ఎడమ తలుపు తీసి కూర్చుని, ముందుకు చేతులు చాపి, స్టీరింగు దొరకక తెల్లబోయాడు. మస్కట్‌లో స్టీరింగు ఎడమ పక్కనే మరి. సేటు నవ్వు ఆపుకుని గుడ్డ మళ్ళీ కప్పేశాడు. ఒకసారి స్టార్టు చేయమంటే ఇవాళ అమావాస్య అన్నాడు. రెండోసారి పోతే పెట్రోలు లేదన్నాడు. మూడోసారి తాళంచెవి తన బామ్మర్ది జేబులో ధర్మపురి పోయిందన్నాడు. కారు మాత్రం పోయినప్పుడల్లా ఒక కొత్త చోట ఉండేది. నిన్న గోడ వారకు, నేడు గేటు వైపుకు. అంటే తిరుగుతూనే ఉందని నర్సన్న సంబరపడ్డాడు.

నాలుగోసారి పోయినప్పుడు సేటు ఇంట్లో లేడు. కారు మూడోసారి చూసిన చోటే ఉంది. సేటు తల్లి లింగవ్వ షెడ్డు ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నర్సన్న గుడ్డ ఎత్తబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లగ, కొడుకా. కోడి పొదుగుతున్నది. ఇంక పది దినాలైతే పిల్లలైతయి, అప్పటిదాంక దాన్ని కదపనియ్య."

నర్సన్న వంగి చూశాడు. ముందు చక్రం పక్కన, గడ్డి చుట్టలో, ఎర్రకోడి ఒకటి ఇతని వైపు గుర్రుగా చూస్తోంది. పది రోజులు కదలకపోతే కారు పాడుకాదా అని అడిగాడు. లింగవ్వ మనసులో కల్మషం లేని మనిషి. ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎలుక దూరి ఇంజను మీది బెల్టునూ, నీళ్ళ పైపునూ కొరికేసింది. అవి హైదరాబాదు నుంచి రావాలి, లారీలు లేవు. ఇన్నాళ్ళూ నర్సన్న వస్తున్నాడని కబురు అందగానే తన కొడుకూ, ఇద్దరు హమాలీలూ కలిసి కారును అటూ ఇటూ నెట్టేవారు. కోడి కూర్చున్నాక తనే నెట్టనివ్వలేదు.

అదే సమయానికి వెంకటేశం వచ్చాడు. తల్లి మొహం, నర్సన్న మొహం, కోడి మొహం చూసి సంగతి గ్రహించాడు. ఏమాత్రం సిగ్గుపడకుండా, అయితే ఇది చూడు అంటూ పెరట్లోకి తీసుకుపోయాడు. అక్కడ పన్నెండేళ్ళ అంబాసిడర్ ఉంది. ఒకప్పటి నలుపు ఇప్పుడు పొయ్యి బూడిద రంగుకు తిరిగింది. తాళం తిప్పగానే దగ్గి, తుమ్మి, నడవడానికి సిద్ధమన్నట్టు ఊగసాగింది.

నర్సన్నకు ప్రాణం ఉసూరుమంది. మస్కట్‌లో ఎనిమిదేళ్ళు ఉండి వచ్చి ఈ ముసలి కారులో కోరుట్ల బజారులో దిగితే జనం ఏమంటారు. పైగా అది రేపు ఆగిపోతే దానికి మాత్రం సామాను ఎక్కడిది. టికెట్టు తారీఖుకు ఇంకా పన్నెండు రోజులే ఉంది. అతనికి రాజమౌళి గుర్తొచ్చాడు.

రాజమౌళి సిరిసిల్లవాడు, పద్మశాలి. మస్కట్‌లో ఇద్దరూ ఒకే గదిలో రెండేళ్ళు ఉన్నారు. అతను ముందే తిరిగివచ్చి, సాంచాల షెడ్డులో జాబరుగా కుదిరాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు, అవి చెడిపోతే బాగుచేసేవాడు జాబరు. నర్సన్న పోయేసరికి ముప్పై సాంచాలు ఒక్కసారిగా దడదడలాడుతున్నాయి. ఆ మోతలో మాట వినపడక, ఇద్దరూ బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డారు. బందుల్లో మీకు సామాను ఎక్కడిదని నర్సన్న అడిగాడు. రాజమౌళి ఆ ప్రశ్నే అర్థంకానట్టు చూశాడు. గోడకు మేకుల మీద బెల్టులు వేలాడుతున్నాయి. పక్క సందులో ఇనుము చెక్కే లేతు మిషను ఉంది. ఇరుసు విరిగితే అక్కడే కొత్తది తీస్తారు, బేరింగు పోతే పాత సాంచాది వేస్తారు. సాంచా ఆగితే ఆ పూట కూలి ఆగుతుంది కాబట్టి, ఎక్కడినుంచో వచ్చేదాకా చూస్తూ కూర్చోవడం అక్కడ ఎవరికీ తెలియదు.

"మరి కారుకు గిట్ల చెయ్యరాదా, రాజమౌళన్నా?"

"నేను కారు తోలింది లేదు, దాని కడుపుల ఏమున్నదో చూసింది లేదు. చూస్తే చెప్త. నా పానకు దొరికితే అది మన బండి. దొరకకుంటే మంది బండి."

మరునాడు రాజమౌళి నట్లు తిప్పే తన పాన ఒకటి సంచీలో వేసుకుని, దారం కండెలు చుట్టే మిషను బెల్టులు నాలుగు భుజానికి తగిలించుకుని, నర్సన్నతో బస్సెక్కాడు. వేములవాడ దాటాక పోలీసులు బస్సు ఆపారు. జవాను ఒకడు బెల్టులు పట్టి లాగి, పాన తిప్పి తిప్పి చూసి, ఇవేంటని గద్దించాడు. రాజమౌళి బెదరకుండా సాంచా నడిచే తీరంతా మొదటి నుంచీ చెప్పసాగాడు. బస్సులో ఒక్కొక్కరే నవ్వడం మొదలుపెట్టారు. జవాను గొంతు తగ్గించాడు.

"గీ బెల్టు జీపుకు పడుతదా? మాది పదిహేను దినాల సంది ఠాణా ముంగట్నే ఉన్నది."

కొలత తెస్తే చూస్తానని రాజమౌళి మాటిచ్చాడు. బస్సు కదిలింది.

జగిత్యాలలో అతను కార్లను చూసిన తీరుకు వెంకటేశం సేటుకు మతిపోయింది. రంగు చూడలేదు, సీటు తట్టలేదు, ఎన్ని మైళ్ళు తిరిగిందని అడగలేదు. కోడికి దణ్ణం పెట్టినట్టు వంగి, ముందు చిన్న కారు బానెట్ ఎత్తించి, పాన తీసి ఒక నట్టుకు పెట్టాడు. జారింది. ఇంకో కొస పెట్టాడు. అదీ జారింది. ఇంకో నట్టుకు పట్టనేలేదు. బెల్టు పెట్టి చూస్తే, గాడి సన్నం, బెల్టు లావు. రాజమౌళి పెరట్లోకి నడిచాడు. అంబాసిడర్ నట్టు మీద పాన పెట్టగానే టక్కుమని కూర్చుంది. రెండోదానికీ కూర్చుంది. ఇంజను మీది పాత బెల్టు విప్పి తన నాలుగింటిలో ఒకటి వేస్తే గాడిలో ఒదిగిపోయింది.

"గిది ఇంచుల బండి, నర్సన్నా. మా సాంచాలు గూడ ఇంచులయే. కొత్తది ఏదో వేరే కొలత. అది మంచిది కాదంట లేను, చానా మంచిగున్నది. కని దానికి బిమారి వస్తే హైదరాబాదు పోవాలె. దీనికి వస్తే సిరిసిల్ల చాలు."

నర్సన్న తెల్లకారు వైపు ఒకసారి చూశాడు. దాని అద్దంలో తన మొహం ఎంతో బాగా కనిపించింది. తరువాత బూడిద రంగు దాని వైపు చూశాడు. ఇంటిదాకా నడిపి చూస్తాననీ, ఆగకుండా పోతేనే బేరమనీ సేటుకు చెప్పాడు. సేటు ఒప్పుకున్నాడు. రాజమౌళి వేసిన బెల్టునే ఉంచి, పాతది వెనక సీట్లో పడేశారు. నర్సన్న ఎడమ తలుపు తీసి, నాలుక కరుచుకుని, చుట్టూ తిరిగి వచ్చాడు.

పది మైళ్ళు బాగానే పోయింది. కోరుట్ల ఇంకా ఐదారు మైళ్ళుందనగా బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. నర్సన్న ఆపి ఎత్తి చూస్తే రేడియేటర్ కుతకుత ఉడుకుతోంది. అతను రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. టికెట్టు, పట్టుచీర, తొక్కు జాడీ అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అయిపోయింది, మస్కట్ తప్పదు అని పైకే అన్నాడు.

రాజమౌళి మాత్రం బెల్టును వేలితో నొక్కి చూస్తున్నాడు. నొక్కి, మళ్ళీ నొక్కి, తన నెత్తి తనే కొట్టుకున్నాడు.

"తప్పు నాదే, తమ్మీ. కండెలు చుట్టే మిషనుకు బెల్టు వదులుగ వెడ్తం. బిగిస్తే దారం తెగుతది. చెయ్యి గట్లనే అలవాటై దీనికి గూడ వదులుగ వెట్టిన. బెల్టు జారుతున్నది, ఫ్యాను తిరుగుత లేదు. ఈడ దారమేడుందని, తెగేటందుకు?"

పక్క చేనులో మక్కకు నీళ్ళు పారిస్తున్న సారక్క అనే ముసలామె బిందె ఇచ్చింది. ఇంజను చల్లారేదాకా ఆమె వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, తన ముగ్గురు కొడుకుల్లో ఎవరెవరు ఏ దేశంలో ఉన్నారో చెప్పింది. రాజమౌళి పానతో రెండు నట్లు వదులు చేసి, బెల్టు బిగించి, మళ్ళీ నట్లు తిప్పాడు. రేడియేటర్‌లో నీళ్ళు పోశారు. తాళం తిప్పితే బండి దగ్గి, తుమ్మి, లేచింది. వేగం పెంచినా పొగ లేదు. నర్సన్నకు అప్పుడు తట్టింది. మస్కట్‌లో అరబ్బు కారు ఎడారి రోడ్డు మీద ఒకసారి ఆగిపోతే లారీ వచ్చి ఎత్తుకుపోయింది, వారం దాకా రాలేదు. ఇది నడిరోడ్డు మీద ఆగింది, నడిరోడ్డు మీదే బాగైంది, ఒక పానతో, ఒక బిందె నీళ్ళతో. ఆగకుండా పోతేనే బేరమని సేటుతో అన్న మాట తప్పని అతనికి అనిపించింది. అడగవలసింది ఆగుతుందా అని కాదు, ఆగితే లేస్తుందా అని.

కోరుట్లలో దిగేసరికి వాడకట్టు వాడకట్టంతా చూడవచ్చింది. తెల్లకారు తెస్తానంటివి గదా, తొవ్వల మసి పట్టిందా అని ఎల్లన్న అనే పాలాయన అడిగాడు. నవ్వులు లేచాయి. నర్సన్న కూడా నవ్వాడు. పోశవ్వ మాత్రం నవ్వలేదు. చుట్టూ ఒకసారి తిరిగి, మసి పట్టిన రాజమౌళి చేతులు చూసి, జరిగిందంతా అడిగి తెలుసుకుంది. ఇద్దరికీ అన్నం పెట్టింది. రేపు పొద్దుగాల లేస్తదా అని మాత్రం అడిగింది. లేస్తుందని రాజమౌళి అన్నాడు. చూద్దామని ఆమె లోపలికి పోయింది.

తెల్లవారి నర్సన్న తాళంచెవి పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. అలవాటు కొద్దీ ఎడమ తలుపు తీశాడు. లోపల పోశవ్వ కూర్చుని ఉంది. పట్టుచీర కట్టుకుని, టికెట్టు చేతిలో పట్టుకుని ఉంది.

"గిది నా సీటు. నువ్వు అటు పో."

నర్సన్న చుట్టూ తిరిగి అవతలి తలుపు తీశాడు. తాళం తిప్పాడు. బండి దగ్గింది, తుమ్మింది, ఒక్క క్షణం ఆగి ఇద్దరినీ చూసుకున్నట్టు చేసి, లేచింది. వెనక సీట్లో రాజమౌళి మిగిలిన మూడు బెల్టులూ ఒళ్ళో పెట్టుకుని, నేను చెప్పలేదా అన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఎటు పోదాం?" నర్సన్న అడిగాడు.

"జగిత్యాల. టికెట్టు ఇచ్చిన ఏజెంటాయనకు వాపస్ ఇద్దాం. అటెంక బండి పైసలియ్య సేటు ఇంటికి. లింగవ్వ కోడిపిల్లలు అయినంక నాకు రెండు ఇయ్యాలె. నాలుగుసార్లు నిన్ను ఉత్తగ తిప్పిండు గదా, ఆ కిరాయి."

కారు మలుపు తిరిగింది. పాల క్యాను పట్టుకుని నిలబడ్డ ఎల్లన్న, పక్కకు తొలగుతూ, ఇలాంటిది ఇంకొకటి ఉందేమో సేటును అడిగి రమ్మని వెనకనుంచి కేకేశాడు.