ప్యో మాస్టారు చాపిన చెయ్యి

పెరట్లో తీగల మీద స్క్విడ్ చేపలు ఆరేస్తుంటే, సముద్రం వైపు నుంచి ఒక చిన్న విమానం వచ్చి మా కంచె అవతలి రన్‌వే మీద దిగింది. నేలను తాకి ఎగిరింది. మళ్ళీ ముక్కుతో పడింది. ముందు చక్రం విరిగి, ఫ్యాను రెక్కలు వంకరపోయి, గడ్డిలోకి జారి ఆగింది. లోపలున్న ఇద్దరూ తమ కాళ్ళ మీద తామే దిగారు. ఒకరు ఆ పక్క స్కూల్లో విమానం నడపడం నేర్పే ప్యో మాస్టారు. రెండోది ఆయన దగ్గర నేర్చుకుంటూ మా ఇంట్లో అద్దెకుండే సోల్హి.

మధ్యాహ్నం ఇద్దరూ నా హోటలుకే వచ్చారు. ఎండుచేప సూపు ముందు పెట్టాను.

"విరిగింది విమానం ముక్కు. నీ మొహమెందుకే అలా వేలాడుతోంది?" అన్నాను.

"వేలాడట్లేదవ్వా, ఆకలేస్తోంది" అంది సోల్హి. దబాయింపులో దానికెవరూ సాటిరారు.

మాస్టారు నవ్వలేదు. "రేపు స్కూలు పెద్దలు అడుగుతారు. దిగే వేళకి భయపడి స్టీరింగు వదిలేసిందని చెప్పక తప్పదు. ఇక ఈ పిల్లని ఎగరనివ్వరు."

"సరే మాస్టారూ" అని తల వంచింది. భయపడే పిల్ల కాదది. గాలివానలో మా ఇంటి కప్పు ఎక్కి రేకులు బిగించింది. అయినా పెద్దాయన మాటకి ఎదురుచెప్పలేదు.

ఆయన గ్లాసు ఖాళీ అవడం చూసి, రెండు చేతులతో బార్లీ టీ కెటిల్ ఎత్తింది. "ఉండు, నేను పోసుకుంటా" అని ఆయన చెయ్యి చాపారు. అది వెంటనే వదిలేసింది. కెటిల్ దభీమని బల్ల మీద పడి, టీ అంతా ఆయన ఒళ్ళో ఒలికింది.

"ఎందుకు వదిలావమ్మా?"

"మీరు చెయ్యి చాపారు కదా!"

"చాపాను. పట్టుకోలేదుగా!"

ప్యాంటు తుడుచుకుంటున్న ఆయన ఆగిపోయారు.

"పొద్దున అద్దం మీద ఆవిరి తుడవడానికి చెయ్యి చాపాను."

"స్టీరింగు మీరు తీసుకుంటున్నారనుకుని వదిలేశాను."

"మరి చెప్పవేం?"

"పెద్దవారు మీరే నేను భయపడ్డానంటే, కాదని ఎలా అనను?"

"నోరు లేదనుకుందామంటే, ఈ అవ్వతో రోజూ పోట్లాడటం వినిపిస్తుందే!" అంటూ లేచారు. తడి ప్యాంటుతోనే స్కూలుకి వెళ్ళి, తప్పు తనదేనని చెప్పారు. స్టీరింగు తీసుకునేవారు ఆ మాట నోటితో చెప్పాలని నేర్పాల్సింది తనే, నోరు తెరవనిదీ తనే అని. పెద్దలు ఇంకో అవకాశం ఇచ్చారు.

ఆ అవకాశం వచ్చిన రోజు స్క్విడ్‌లు వదిలేసి కంచె దగ్గర నిలబడ్డాను. సోల్హి దిగింది. చక్రాలు నేలను నిమిరినట్టు తాకాయి.

లోపల జరిగింది తర్వాత మాస్టారే చెప్పారు. దిగబోయే ముందు కావాలనే చెయ్యి చాపారట.

"ఏమందో తెలుసా? 'చెయ్యి తీయండి మాస్టారూ, విమానం నాది' అంది. నన్ను!"

"కోపమొచ్చిందా?"

"రాకేం. వెంటనే తీశాను."

భోజనాల దగ్గర సోల్హి మళ్ళీ కెటిల్ ఎత్తింది. ఆయన చెయ్యి చాపారు. అది వదల్లేదు.

"'తీసుకున్నాను' అనండి, వదుల్తాను."

"తీసుకున్నాను" అన్నారు మాస్టారు. ముందు దాని గ్లాసే నింపారు.