మధ్యాహ్నం దాటని పదును

"మా చేతుల్లో రేకు పెట్టి ఉక్కంటాండావే, గాళెప్పా! నీ కొలిమిలో ఉండేది నిప్పా, మోసమా?"

పక్కీరమ్మ కొడవలిని కమ్మరి ముందర విసిరికొట్టింది. దాని అంచు ఎండుటాకులా మడతపడి ఉంది.

గాళెప్ప తిత్తి ఊదడం ఆపలేదు. కోతల కాలంలో అతని కొలిమి మడి పక్కనే ఉంటుంది. పదును పెట్టినందుకు అతనికి కళ్ళంలో గింజలు కొలుస్తారు. కొలిచేది భూమిగలవాడు వెంకటరామి. ఇక కమ్మరి నోరు ఎవరి వైపు తెరుచుకుంటుందో పక్కీరమ్మకు ఒకరు చెప్పాలా?

"వెంకటరామప్ప ఇచ్చిన ఇనుమే వంచినా."

"లారీ కమాను పట్టీ అనె గదా ఆయప్ప?"

"అన్నాడు గదా. నన్నేంది అడిగేది?" గాళెప్ప ముఖం తిప్పుకున్నాడు.

ఆ తిప్పుకోవడమే ఆమెకు నచ్చలేదు.

హచ్చొళ్ళి ఊళ్ళో వెంకటరామికి కాలువ కింద వరిమడులు ఉన్నాయి, సందూరు కొండల్లో ఖనిజం మోసే లారీలూ ఉన్నాయి. ఈ ఏడు కూలీలకు కొడవళ్ళు తానే ఇస్తానన్నాడు. లారీల బరువు మోసే గట్టి ఉక్కు, విరిగిన కమాను పట్టీలతో చేయించానన్నాడు. కోత మొదలుపెట్టిన ఈ పొద్దున గట్టు మీద నిలబడి, అంచు గోటి మీద ఆనించి చూపించాడు. ఆడవాళ్ళందరూ అట్లాగే చూసుకున్నారు. అన్నింటిదీ ఒకే పదును. పొద్దుటి పదును రేకుక్కూడా ఉంటుందని ఎవరికి తోచింది?

ఎండ ముదిరేసరికి కొడవళ్ళు కోయడం మాని పీకసాగాయి. సానరాయి మీద రుద్దితే పదును వచ్చేది, నాలుగు పిడికిళ్ళకే పోయేది. నాంచారమ్మకూ ఆమె అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ మాత్రం పోలేదు. వాళ్ళు పట్టిన మునుం వరస సాగిపోతూనే ఉంది.

"ఒకే ఇనుము, ఒకే కొలిమి!" అని అరిచాడు వెంకటరామి. "నాంచారమ్మకు తెగేది మీకు తెగదా? సోమరి చేతులు! వెనకబడినోళ్ళు రేపు ఇంటికాడే ఉండండి. సగం కూలికే వచ్చే సిరుగుప్ప గుంపును తెస్తా."

కోత పని పోతే పక్కీరమ్మ ఇంట్లో ఆ ఏడంతా గింజ ఉండదు. నాంచారమ్మ మొగుడు చూస్తే వెంకటరామి లారీ మీద క్లీనరు. కొడవలికి ఆ మాత్రం లోపాయికారీ ఉండదా?

పోల్చి చూద్దామంటే కుదరదు. కోత సగంలో కొడవలి చెయ్యి మారితే రక్తం చూస్తుందని అక్కడి పట్టింపు. ఎవరి కొడవలి గుట్టు వాళ్ళ పిడికిట్లోనే. ఆ పట్టింపు వెంకటరామికి తెలియనిదా!

పక్కీరమ్మ కొడవలి తీసుకొని కొలిమి దగ్గర్నుంచి నేరుగా మడిలోకి దిగింది.

"నాంచారక్కా, నీ కొడవలి ఇట్లియ్యి."

"మతి ఉండాదా నీకు? రక్తం చూస్తాది!"

"రక్తానికి భయమా, గుట్టు బయటపడుతుందనా? మీ ఆయన లారీ మీదుండాడు గదా."

నాంచారమ్మకు ఒళ్ళు మండింది. "మా ఆయన మాటెత్తితే పండ్లు రాలగొడతా! ఇదో, తీసుకో. నీది తే. ఎవరివి సోమరి చేతులో చూద్దాం!"

ఇద్దరూ వంగారు. పక్కీరమ్మ చేతిలో వరి సరసర తెగింది. వెనక్కి చూస్తే నాంచారమ్మ దుబ్బు పట్టుకొని గుంజుతూ ఉంది.

"ఏందే ఇది! కొడవలా, చేటనా?"

అప్పటిదాకా గుంపంతా తనను ఎందుకు ఓరగా చూసిందో నాంచారమ్మకు తెలిసింది. రెండు కొడవళ్ళూ తీసుకొని కొలిమి దగ్గరికి నడిచింది.

"రెండూ నీ సుత్తి కిందివే. నిజం చెప్పు, గాళెప్పన్నా."

వెనకాలే వచ్చిన గుంపును చూసి కమ్మరి తిత్తి వదిలేశాడు. "మూడే కమాను పట్టీవి. తక్కినవన్నీ తారు పీపాల రేకువి. మిగిలిన కమాను పట్టీలు బళ్ళారి బజారుకు అమ్ముకున్నాడు. నోరిప్పితే కళ్ళంలో గింజ లేదన్నాడప్పా."

"మా ముగ్గుర్ని చూపించి మిమ్మల్ని తరమాలని!" అంది నాంచారమ్మ.

గట్టు మీదినుంచి వెంకటరామి దిగివచ్చాడు. "ఏమే, సుమ్మనే నిలబడినారు? పని లేదా?"

పీపా కొడవళ్ళన్నీ అతని కాళ్ళ దగ్గర కుప్పగా పడ్డాయి. పక్కీరమ్మ ముందుకొచ్చింది.

"వెంకటరామప్పా, కమాను పట్టీ ఇప్పుడే తెప్పియ్యి. అమ్ముకున్నావా? నడిచే లారీదే ఊడదీయించు. మా కండ్ల ముందర కొలిమిలో పెట్టించు. గాళెప్ప గింజ ఆపనని ఈడనే చెప్పు. సిరుగుప్ప గుంపు మాట వాపస్ తీసుకో. అంతదాకా నీ మడిలో ఒక్క దుబ్బు తెగదు!"