చూపిస్తానన్న చేప

విఠల్ ఆగిన సాంచ మగ్గంలోంచి నాడెను తీసి, నూలు అయిపోయిన కండె మార్చి, మళ్ళీ పెట్టాడు. హ్యాండిలు లాగగానే సాంచ అందుకుంది. సిరిసిల్లలోని ఆ కార్ఖానలో నేల పొద్దంతా పాదాల కింద వణుకుతూనే ఉంటుంది.

తన నాలుగు సాంచాలూ నడుస్తున్నాయని చెవికి తెలిశాక, గోడకు ఆనుకుని కూర్చుని ఫోను తీశాడు. తెర నిండా నీలం నీళ్ళు. బిడ్డ నవత ఎక్కించిచ్చిన చేపల ఆట. చిన్నవి ఎన్నో పడ్డాయి. అడుగున మాత్రం ఒకటుంది. దాని నీడకే నీళ్ళు నల్లబడతాయి. గాలానికి పడ్డ ప్రతిసారీ దారం తెంపుకుపోయింది.

పొద్దున సద్ది కడుతూ భార్య శాంత ఎగతాళి చేసింది.

"ఉన్నదో, కలల సూసినవో! ఒక్కనాడన్న సూపియ్యవైతివి."

"సూపిస్తనే. నువ్వు సూసినంకనే దాన్ని ఇడిసిపెడ్త."

మొన్న ఫోనులో దారం తెగితే గబుక్కున లేచి నడుస్తున్న సాంచను ఆపేశాడు. పక్క సాంచాలు నడిపే గోవర్ధన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మామా, గా పోగు గూడ అతుకుతవా ఏంది?"

"నవ్వు, నవ్వు. మీ అత్త సూసినంక నవ్వుదువు."

మధ్యాహ్నం తెర అడుగున ఆ నీడ కదిలింది. దారం బిగిసింది. ఇన్నాళ్ళూ గుంజేవాడు. ఇవ్వాళ తెగబోయే పోగును సర్దినట్టు బొటనవేలు వదులు చేసింది. కొంచెం గుంజి, కొంచెం వదిలి. ఒక సాంచ కండె అయిపోయి ఆగింది. సాంచ ఆగినా అతను లేవకపోవడం అదే మొదలు.

నీళ్ళు చీలాయి. చేప లేచింది. లేస్తూనే ఉంది. తల వచ్చిన ఎంతసేపటికో గానీ తోక రాలేదు. పొలుసుల మీద వెలుగు పడుగు మీది ఎండలా పోగు పోగునా మెరిసింది. పెద్ద కన్ను ఇటే చూసింది.

"అబ్బ... ఎంతున్నవే తల్లీ!"

రెండో సాంచ ఆగింది. మూడోది ఆగింది. నాలుగోదీ ఆగాక, అటువైపు అలవాటు లేని నిశ్శబ్దానికి గోవర్ధన్ తిరిగి చూశాడు. విఠల్ కూర్చునే ఉన్నాడు, కళ్ళు తెరిచే.

"మామా!"

భుజం పడితే తల పక్కకు వాలింది.

ఒళ్ళో ఫోను. తెర మీద చేప, దాని కింద రెండు బటన్లు: ఉంచుకోవడానికి పచ్చది, వదలడానికి ఎర్రది. గోవర్ధన్ వేలు తగలకుండా అంచులు పట్టి ఎత్తాడు.

శాంత వచ్చి, ఏడ్చి ఏడ్చి అలసిపోయాక, ఫోను ఆమె ముందు పెట్టాడు.

"గిదే అత్తా. నువ్వు సూసినంక ఇడిసిపెడ్తనన్నడు."

ఆమె చాలాసేపు చూసింది.

"ఉన్నదయ్యా... నిజంగనే ఉన్నది." కొంగుతో తెర తుడవబోయి ఆగింది. "జరసేపు ఉండనియ్యి."

ఆగిన సాంచ మీద, సగం నేసిన తెల్లబట్టపై ఫోను వెలుగుతోంది. అందులో చేప మొప్పలు మెల్లగా ఆడుతున్నాయి.