పాదాలు పట్టుకున్నవాడు

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నేనాడింది అతికి ఊరుకోలేదు, మా వదిన పాదాలకి అంటుకుపోయింది.

అన్నయ్యా వదినా ఖర్జూరపు పాకం కాచి సీసాల్లో అమ్మేవాళ్ళు. పాలూ తేనే ముట్టనివాళ్ళ కోసం ఆ తీపి. "అమ్మేదొకటి, తినేదొకటీనా?" అని అన్నయ్య ఇంట్లోనూ పాలు, తేనె, గుడ్డు మాన్పించాడు. ఏడేళ్ళకి గుండె ఆగి పోయాడు. బాణలి దగ్గర వదినా, సీసాలకి మూతలు బిగిస్తూ నేనూ మిగిలాం.

ఒకరోజు వదిన బాణలి దగ్గర్నుంచి గుమ్మందాకా నడిచొచ్చింది. ఎడమకాలి చెప్పు అక్కడే ఉండిపోయింది. ఆవిడకి తెలియనే లేదు. మర్నాడూ అంతే.

"అన్నయ్యే అయ్యుంటాడు వదినా! నువ్వు పనాపి పోతుంటే కాలు పట్టుకుంటున్నాడు," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

ఆవిడ నవ్వలేదు. ఆవేళ్టినుంచి చెప్పు ఊడినచోట నిలబడి గొంతు తగ్గించి మాట్లాడేది. "ఈసారి పాకం ముదిరిందండీ." ఆవిరి చాటున ఆ "అండీ" వినపడితే నా వీపు జలదరించేది. దెయ్యాల కథలతో ఊరందరినీ జడిపించినవాణ్ణి, వెనక్కి తిరిగి చూడ్డానికి ధైర్యం చాలేది కాదు.

చివరికి వదిన మెట్టుమీద పడింది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, పాదంలో సూది గుచ్చి చూస్తుంటే వదిన నొప్పే తెలియనట్టు కిటికీకేసి చూస్తూ కూర్చుంది.

"పాలూ గుడ్లూ మానేసి ఒంట్లో బీ ట్వెల్వ్ విటమిన్ లేకుండా పోయింది. అందుకే పాదాలు మొద్దుబారాయి. ఇలాగే వదిలేస్తే నడక పోతుంది," అంది డాక్టరమ్మ.

ఇక నేను వేటకి బయల్దేరాను. సముద్రపు నాచు, పుట్టగొడుగులు, ఆకుకూరలైతే మేకలు కుళ్ళుకునేటన్ని తెచ్చాను. డాక్టరమ్మ నవ్వింది. "మొక్కల్లో ఆ విటమిన్ నమ్మదగ్గంత దొరకదు తాతగారూ. సూక్ష్మజీవుల్ని తొట్టెల్లో పెంచి తీస్తారు. ఈ ఇంజెక్షన్‌లో జంతువుది ఏమీ లేదు."

వదిన చెయ్యి చాపనంది.

"జంతువుది కాదంటోందిగా వదినా!"

"అందుక్కాదు మరిదీ. కాళ్ళు బాగైతే ఆయనిక పట్టుకోరుగా."

"అది నా కల్పన. వట్టి కోత!"

"నీ కోతలు నాకు కొత్తా? తెలిసే నమ్మాను."

"నడక పోతే నిన్ను బాణలిదాకా మోసేదెవరు? నేనా? మూత బిగిస్తేనే నాకు ఆయాసం!"

వదిన చెయ్యి చాపింది.

రెండు నెలలు పోయాక, బాణలి దగ్గర ఉత్తకాళ్ళతో నిలబడి, "నేల వేడిగా ఉంది," అంది. నేను గంతేసినంత పనిచేశాను.

ఆవిడ పాదాలకేసి చూసుకుంది.

"వెళ్ళిపోయారు మరిదీ."

పాకం పొంగుతోంది. నేను ఒంగి మంట తగ్గించాను.