మూరెడు పక్కకి

మామగారి ఫొటోల్లో నగరం ఉండదు. ఆయన గొప్పంతా అదే. నగరం చివర, బస్సులు వెనక్కి తిరిగే చోట మొదలయ్యే ఆ అడవిలో ఎటు కెమెరా పెట్టినా ఆకుల సందుల్లోంచి ఏదో ఒక మేడ తొంగిచూస్తుంది. ఫొటో క్లబ్బు వాళ్ళు వంగి, పాకి, ఒంటికాలి మీద నిలబడి ఎన్ని తిప్పలు పడ్డా ఒక మూలన కిటికీ మెరవాల్సిందే. మామగారు మాత్రం దర్జాగా ఒక రాయి మీద కూర్చుంటారు. అక్కడ కూర్చుంటే నగరంలోకెల్లా ఎత్తైన అద్దాల మేడ ఎదురుగా ఉన్న నల్లటి మాను వెనక్కి సరిగ్గా దాక్కుంటుంది. మిగతావాటిని పొదలు చూసుకుంటాయి. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం అదే రాయి, అదే మాను, అదే ఫొటో. ఒకసారి పచ్చగా, ఒకసారి మోడుగా, ఒకసారి మంచులో మునిగి. క్లబ్బు ఏటా పెట్టే ప్రదర్శనలో తలుపుకి ఎదురుగా ఉండే పెద్ద గోడ ఆయనదే.

ఆ గోడ మీద అల్లుడికి ఎప్పటినుంచో కన్నుంది.

అల్లుడిది పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో. మామగారి పాత కళ్ళజోళ్ళ దుకాణానికి మధ్యలో చెక్క అడ్డం కట్టి, సగం ఇతనికిచ్చారు. ఇచ్చానని ఆయన ఏనాడూ దెప్పలేదు. అంతకంటే ఘోరమైన పని చేశారు. "అదిగో, మా పాస్‌పోర్టు వచ్చాడు" అని క్లబ్బులో ఒక్కసారి అన్నారు. ఇక అసలు పేరు అందరూ మర్చిపోయారు. టీ తెచ్చే మనిషి కూడా "పాస్‌పోర్టు గారికి చక్కెర ఎంత?" అని అడుగుతాడు. అల్లుడు వానాకాలమంతా పొదల్లో పడి సాలెగూళ్ళ మీద నీటిచుక్కలు ఫొటోలు తీసి తెస్తే, మామగారు కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"బాగుందోయ్. పాస్‌పోర్టుకి కావాలిగా, సాలీడు చెవులు రెండూ కనబడుతున్నాయా?" అన్నారు.

క్లబ్బు పొట్ట పట్టుకుని నవ్వింది. అల్లుడూ నవ్వాడు. ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

ఒక మధ్యాహ్నం స్టూడియో మూసేసి, కారు జాకీ, గునపం పట్టుకుని అడవికి వెళ్ళాడు. ఆ రాయి నలుగురు పట్టినా కదిలే రకం కాదు. జాకీకి మాత్రం లొంగింది. మూరెడు పక్కకి జరిగింది. అల్లుడు గుంట పూడ్చాడు, ఎండుటాకులు చల్లాడు, ఎక్కడినుంచో నాచు తెచ్చి రాయి అడుగున అంటించాడు. అంత శ్రద్ధగా అతను ఏ ఫొటో తీసి ఎరగడు. ముసలాయన ఒక్క ఆదివారం నలుగురిలో తెల్లమొహం వేస్తే చాలు, సోమవారం అసలు సంగతి చెప్పేసి నవ్వుకోవచ్చు అనుకున్నాడు. వచ్చేటప్పుడు ఈల కూడా వేశాడు.

ఆదివారం మామగారు రాయి మీద కూర్చుని కెమెరాకి కన్ను ఆనించారు. మాను పక్కన అద్దాల మేడ తళతళలాడుతోంది. లేచారు. రాయి దులిపి మళ్ళీ కూర్చున్నారు. అటు ఒరిగారు, ఇటు ఒరిగారు. లెన్సు తుడిచారు.

"ఏంటి పెద్దాయనా, మీ అడవిలోకి నగరం వచ్చేసిందే!" అన్నాడు క్లబ్బు కార్యదర్శి. అందరూ గొల్లుమన్నారు.

"వెలుగు బాలేదు" అని మామగారు లెన్సుకి మూత పెట్టేశారు. వెలుగు భేషుగ్గా ఉంది.

ఇంటికి రాగానే ఆయన దుకాణంలోకి వెళ్ళి అక్షరాల బోర్డుకి లైటు వేశారు. ఒక కన్ను మూసి చదివారు, రెండోది మూసి చదివారు. అట్టడుగు వరస దాకా తడబాటే లేదు. జీవితమంతా ఊరి కళ్ళు చూసిన మనిషికి తన కళ్ళ సంగతి తేల్చుకోవడం ఎంతసేపు? లోపం కళ్ళలో ఉంటే ఎంత బాగుండేదో! కళ్ళలో లేదంటే ఇక మిగిలింది తల. వాళ్ళ అన్నగారు పోయేముందు సొంత భార్యని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగేవారు.

అన్నాల దగ్గర కూతుర్ని అడిగారు. "అమ్మాయ్, పెదనాన్నకి మొట్టమొదట ఎలా మొదలైంది?"

కూతురి చేతిలో గరిటె ఆగిపోయింది. "రోజూ వెళ్ళే దారి కొత్తగా ఉందనేవాడు. ఏం నాన్నా?"

"ఊరికే."

సోమవారం అల్లుడు చెప్పలేదు. ఆయన మొహం చూసి, రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సోమవారం అతన్ని ఎవరూ పాస్‌పోర్టు అనలేదు.

ఆ తర్వాతి ఆదివారాలూ మేడ అలాగే తొంగిచూసింది. మిగతా పని భయం చేసింది. మామగారు వీధి చివరిదాకా వెళ్ళి, తాళం వేశానో లేదో అని వెనక్కి రాసాగారు. టీలో ఉప్పు వేసుకున్నారు. డాక్టరు, ఈ వయసులో మామూలేనని మాత్రలు రాశాడు. కూతురు తాళంచెవులు తీసేసుకుంది, పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేసింది. చంటిపిల్లాడితో మాట్లాడినట్టు ఒక్కో మాటా సాగదీసి మాట్లాడటం మొదలుపెట్టింది. ఈ ఏడు పెద్ద గోడ సాలెగూళ్ళకే ఇస్తున్నామని క్లబ్బు నుంచి కబురొచ్చింది. అల్లుడు వెళ్ళి ఖాళీ గోడ ముందు నిలబడి చూసుకుని వచ్చాడు కూడా.

ఆ సాయంత్రమే మామగారు అడ్డుచెక్క పక్కనుంచి తల పెట్టి, "అల్లుడూ, ఇవాళ ఏ వారం?" అని అడిగారు. చెప్పగానే, "నాకు తెలుసులే. సరిచూసుకున్నానంతే" అన్నారు.

అల్లుడు ఆ రాత్రి అటూ ఇటూ లెక్క వేసుకున్నాడు. చెప్పేస్తే ఈ ఇంట్లో తనకి చోటుండదు. చెప్పకపోతే ఈ మనిషి మిగలడు. చివరికి పిరికివాళ్ళు చేసే పనే చేశాడు. మళ్ళీ జాకీ పట్టుకెళ్ళి రాయిని పాత చోటికి జరిపాడు. మళ్ళీ మట్టి, మళ్ళీ ఆకులు, మళ్ళీ నాచు. రెండు రోజులు దంచికొట్టిన వాన మిగిలిన ఆనవాళ్ళు కడిగేసింది.

ఆదివారం క్లబ్బు వాళ్ళు రాకముందే, "ఒక్కసారి చూద్దురు గాని రండి మామయ్యా" అని బతిమాలి తీసుకెళ్ళాడు. మామగారు కూర్చున్నారు. కన్ను ఆనించారు. లేచి, మళ్ళీ కూర్చుని ఇంకోసారి చూశారు.

"కుదిరిందా?" అన్నాడు అల్లుడు.

"కుదిరింది."

"చూశారా! మీకేం కాలేదు."

మామగారు కెమెరా దించారు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "మొన్నటిదాకా కుదరలేదు. ఇవాళ కుదిరింది. మాను కదల్లేదు, మేడ కదల్లేదు, రాయి కదల్లేదు. మరి కదిలిందేమిటి అల్లుడూ? మా అన్నయ్యకీ ఇంతే. ఒకరోజు అన్నీ గుర్తొచ్చేవి, మర్నాడు పోయేవి."

"రాయే కదిలింది!" అల్లుడు నేల మీద కూర్చుని రాయి అడుగు చూపించాడు. "నేనే జరిపాను మామయ్యా. జాకీ పెట్టి జరిపాను. మళ్ళీ నేనే వెనక్కి నెట్టాను. కుళ్ళుతో చేశాను. మీ తలకేం కాలేదు!"

చేతులతో ఆకులు తోడాడు, నాచు పీకాడు. అంతటా ఒకటే తడిమట్టి. ఎక్కడా గీత లేదు, గుంట లేదు.

మామగారు అతని తల మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు నిండిపోయాయి. "ఎంత మంచివాడివయ్యా! నన్ను ఊరడించడానికి ఇంత నింద నెత్తిన వేసుకుంటావా? నీలాంటివాణ్ణి పట్టుకుని నలుగురిలో పాస్‌పోర్టు అన్నాను. మనసులో పెట్టుకోకు."

"అబద్ధం కాదు, ఒట్టు! జాకీ కార్లోనే ఉంది. తెచ్చి మీ కళ్ళముందే జరుపుతాను." లేచి పరుగు తీయబోయాడు.

మామగారు చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నారు. ఆ అడవిలో ప్రతి పొదా ఎరిగిన మనిషి చుట్టూ బెదురుగా చూశారు.

"నన్నిక్కడ ఒక్కణ్ణీ వదిలి వెళ్ళకు. దారి తెలియకపోతే ఏం చెయ్యను?"

అల్లుడు నిలబడిపోయాడు. మామగారు చెయ్యి వదలకుండానే పక్కకి జరిగి, రాయి మీద చోటిచ్చారు. రెండో చేత్తో కెమెరా అతని ఒళ్ళో పెట్టారు.

"ఇక నుంచి నువ్వే తియ్యి. వెలుగు పోకముందే కానీ."

అల్లుడు కన్ను ఆనించాడు. మాను వెనక మేడ జాడే లేదు. అంత మంచి ఫొటో తనకి మళ్ళీ దొరకదని అతనికి తెలుసు. నొక్కాడు.