జెండాల అవతల

తెల్లవారక ముందే సహరీ తిని, నమాజు చదువుకుని, మేరాజ్ బీ రోజూ మాదిరే పడవ దగ్గరికి నడిచింది. రొయ్యల డబ్బా, నాలుగు గాలపు కర్రలు, లైఫ్ జాకెట్లు, వచ్చినవాళ్ళ టీ కోసం పెద్ద ఫ్లాస్కు నిండా వేడినీళ్ళు సర్దుకుంది. రంజాన్ నెల కాబట్టి తన కోసమని నీళ్ళు పెట్టుకోలేదు.

ఎర్రబోడుపల్లె గుమ్మఘట్టకు పడమటగా, కర్ణాటక పొలిమేర పక్కన ఉంటుంది. ఏటా శివరాత్రి దాటిన మూడు నాలుగు రోజులకు ఊరి కింది బయలు మీదికి సముద్రం వస్తుంది. వచ్చేటప్పుడు చప్పుడు చేయదు. పొద్దున లేచి చూస్తే వేరుశనగ పీకేసిన చేలు ఉండే చోట ఆ చివరిదాకా నీళ్ళుంటాయి, అంతే. ఉగాది ముందరి అమావాస్య నాడు మధ్యాహ్నం పన్నెండుకు వెళ్ళిపోతుంది. పోతూ పోతూ తన ఉప్పును తానే తీసుకుపోతుంది కాబట్టి రైతులకు దానితో పేచీ లేదు. ఆ నెలరోజులు గాలం వేసే సరదా ఉన్నవాళ్ళు బళ్ళారి నుంచి, బెంగుళూరు నుంచి, కళ్యాణదుర్గం నుంచి వస్తారు. ఊళ్ళో పది పడవలవాళ్ళు వాళ్ళను తిప్పి చేపలు పట్టిస్తారు. మిగతా పదకొండు నెలలు ఆ పడవలు కొట్టాల్లో బోర్లా పడుంటాయి. వాటి కింద కోళ్ళు పొదుగుతాయి.

ఒడ్డు దగ్గరి నీళ్ళలో పడవ నడపడం ఎర్రబోడుపల్లె వాళ్ళకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. అడుగున ఉండేవి వాళ్ళ చేలే. ఇక్కడ గంగప్ప ఎండిపోయిన బోరు, అక్కడ సుబ్బన్న చేని గట్టు, ఆ పక్కన భద్రమ్మ పాడుబడిన బావి. ఎండెక్కితే పండుగప్ప చేపలు గట్టు నీడకు చేరతాయి. చల్లగాలి తగిలితే బావి నోటి దగ్గర గుమిగూడతాయి. కష్టమంతా గాలితోనే. ఆ నెలలో గాలి పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట. మంచుతో మొదలవుతుంది, పదింటికి నెత్తి మాడుతుంది, పదకొండుకు పడమటి నుంచి మబ్బు లేచి వడగండ్లు కురిసినా కురుస్తాయి. అందుకే చేలు అయిపోయే చోట వెదురు కర్రలకు ఎర్రగుడ్డలు కట్టి వరసగా పాతిపెడతారు. ఆ జెండాల అవతల లోతు ఎంతో ఎవరికీ తెలియదు. ఆ నీళ్ళ కింద ఉండేది ఎవరి చేనూ కాదు.

పోయిన సంవత్సరం అమావాస్య పొద్దున జెండా కర్రలు పీకి తెచ్చే వంతు ఓబుళేసుది. పడవలవాళ్ళలో పెద్దవాడు అతనే. ఆ రోజు అతనికి జ్వరం. "నువ్వు పండుకోన్నా, నేను పోయి పీక్కొనొస్తా" అని మేరాజ్ బీ భర్త ఇమాం హుస్సేన్ బయలుదేరినాడు. నడిమధ్యలో మంచు కమ్మింది. పన్నెండుకు మంచు విడిచేటప్పటికి సముద్రం లేదు, ఎర్రనేల మాత్రం ఉంది. ఆ నేల మీద జెండా కర్రలు పడున్నాయి. మనిషి లేడు, పడవ లేదు.

వేదవతి ఏటి ఇసకదాకా వెతికినారు. పోలీసులు రాసుకున్నారు. నాలుగు నెలలు చూసి మసీదు పెద్దలు ఇంటికొచ్చినారు. "ఇంక ఇద్దత్ కూర్చోమ్మా, మేరాజూ. ఎన్నాళ్ళని చూస్తావు?" అన్నారు. ఇద్దత్ అంటే మొగుడు పోయిన ఆడది గడప దాటకుండా కూర్చునే నాలుగు నెలల పది రోజులు. "శవం యాడుండాది, చూపించండి, కూర్చుంటా" అంది ఆమె. పెద్దలు తలలు వంచుకుని లేచిపోయినారు. పదిహేనేళ్ళ కూతురు ఆసియా ఆ రోజు నుంచి తండ్రి మాట ఇంట్లో ఎత్తలేదు. పిల్ల ఎత్తకపోవడమే మేరాజ్‌కు ఎక్కువ బాధ.

ఈ ఏడు సముద్రం రాగానే ఆమె తమ్ముడి పాత పడవ అడిగి తెచ్చుకుంది. చేపల కోసం వచ్చినవాళ్ళను తిప్పేది. వాళ్ళను ఒడ్డున దింపినాక ఒంటరిగా జెండాలదాకా పోయి, చూపు ఆనినంత దూరం చూసేది. ఇరవై ఎనిమిది రోజులు చూసింది. ఇరవై తొమ్మిదో రోజు అమావాస్య. డబ్బాలో పెట్రోలు చుక్క లేదు.

ఆ పొద్దున కళ్యాణదుర్గం నుంచి అశోక్, లావణ్య మోటారు సైకిల్ మీద వచ్చినారు. అతనిది ఇనుప సామాన్ల అంగడి. పెళ్ళయి ఎనిమిది నెలలు. మిగతా పడవలవాళ్ళందరూ ఈ ఏటికి తిప్పడం అయిపోయిందని చెప్పి పంపించేస్తున్నారు.

"అక్కా, పెట్రోలు మా బండిలోదే తీసి పోస్తాను. రెండు గంటలు తిప్పు చాలు" అన్నాడు అశోక్.

ఓబుళేసు దగ్గరికొచ్చి గొంతు తగ్గించినాడు. "వద్దు మేరాజూ. గాలి సరిగ్గా ల్యా. నువ్వు యాడికి పోతాండావో నాకు తెలీదా?"

"పదిన్నరకల్లా వీళ్ళను దింపుతా."

"ఆ మిగిలిన పెట్రోలుతో?"

ఆమె పడవ తాడు విప్పింది. ఓబుళేసు అడ్డం నిలబడలేకపోయినాడు. ఏడాదిగా అతను ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడింది లేదు.

పదింటి వరకు బాగానే జరిగింది. మంచు పలచబడి నీళ్ళు తెల్లగా మెరిసినాయి. భద్రమ్మ బావి దగ్గర లావణ్యకు ఒక జెల్ల పడింది, దాని ముళ్ళు తగలకుండా మేరాజ్ గుడ్డతో పట్టి విప్పింది. సుబ్బన్న గట్టు దగ్గర అశోక్ గాలానికి పెద్ద పండుగప్ప తగిలింది. అది గట్టు చుట్టూ తిరిగి దారాన్ని రాయికి చిక్కించింది. చేప పోతుందన్న ఆత్రంలో అతను మోకాలి లోతు నీళ్ళలోకి దూకినాడు.

"దిగొద్దప్పా! కింద టేకులుంటాయి!" మేరాజ్ అరిచింది.

అప్పటికే అతను కేక పెట్టినాడు. చేట మాదిరి చదునుగా, బురదలో అణిగి ఉండే టేకు చేప. దాని తోకముల్లు పిక్కలో దిగింది. ఇద్దరూ కలిసి అతన్ని పడవలోకి లాగినారు. మేరాజ్ ముల్లు పీకి, ఫ్లాస్కులో నీళ్ళు చెయ్యి తాళగలిగేంత వేడికి తెచ్చి గాయం మీద పోసింది. ఆ విషానికి వేడే మందు. మామూలుగా అయితే అరగంటకు నొప్పి దిగాలి. కానీ అశోక్ పెదవులు ఉబ్బినాయి. ఊపిరి ఈల మాదిరి వస్తోంది.

"ఏమైందక్కా ఈయనకు?"

"కొంతమందికి పడదు. ఆసుపత్రికి పోవల్ల." మేరాజ్ మోటారు తాడు లాగి పడవను ఒడ్డు వైపు తిప్పింది.

అప్పుడే గాలి మారింది. తూర్పు గాలి ఠక్కున ఆగి, పడమటి నుంచి చల్లగా ఒక విసురు తగిలింది. మంచు చీలింది. ఆ చీలికలో, జెండాల అవతల చాలా దూరంలో, ఒక పడవ కనిపించింది. నీలం రంగు ముక్కు. మధ్యలో ఒక మనిషి నిలబడున్నాడు. ఎడమ భుజం కిందికి జారి ఉంది. చిన్నప్పుడు బస్సు టాపు మీది నుంచి పడితే ఇమాం హుస్సేన్ భుజం అట్లా జారింది.

మేరాజ్ చెయ్యి దానంతట అదే పడవను తిప్పేసింది.

"అక్కా, ఒడ్డు అటు కదా?"

జెండాలు దాటిపోయినాయి. నీళ్ళు నల్లబడినాయి. పైన మబ్బు కూడా నల్లబడింది. ఆమె మోటారును చివరిదాకా తిప్పి, గొంతు చించుకుని పిలిచింది. ఆ మనిషి తల తిప్పినాడో లేదో తెలియలేదు. మళ్ళీ పిలిచింది. ఒక నిమిషం అయింది, రెండు అయినాయి, ఐదు అయినాయి. అశోక్ తల పడవ చెక్కకు కొట్టుకుంటూ ఉంది. లావణ్య దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, వెనక్కి తిప్పు!"

"ఆ పడవలో ఉండేది నా మొగుడు" అంది మేరాజ్. "సంవత్సరమాయ. ఈ పొద్దు పన్నెండు కొడితే మళ్ళా పోతాడు. నీకు తెలీదు పాపా."

లావణ్య ఏడవలేదు. అశోక్ మొహం పైకెత్తి చూపించింది. "ఈయన నా మొగుడక్కా."

మేరాజ్ ఆ మొహం చూసింది. పెదవులు నీలంగా మారుతున్నాయి. ఆ క్షణంలో ఆమెకు అతని మీద జాలి కలగలేదు. వీడు దిగకుంటే, వీడు ఈ పొద్దు రాకుంటే, అని పళ్ళు కొరుక్కుంది. తరవాత పడవ తిప్పింది. వెనక్కి చూస్తే చెయ్యి మళ్ళీ మాట వినదని తెలుసు కాబట్టి చూడలేదు.

సగం దారిలో వడగండ్లు మొదలైనాయి. నిమ్మకాయంత గడ్డలు. లావణ్య భర్త మీద బోర్లా పడి అడ్డం కాచింది. మేరాజ్ కళ్ళు మూసుకుపోతుంటే, పడవ అడుగు గీరుకునే చప్పుడును బట్టి ఇది గంగప్ప చేను, ఇది మా చేను అనుకుంటూ ఒడ్డు చేర్చింది. పదకొండున్నర అయింది. ఓబుళేసు, మరో ఇద్దరు అశోక్‌ను మోసుకుపోయి ఆటోలో పడుకోబెట్టినారు. లావణ్య ఎక్కుతూ ఏమో చెప్పబోయింది. ఆటో కదిలిపోయింది.

మేరాజ్ మళ్ళీ పడవలోకి ఎక్కబోతే ఓబుళేసు భుజం పట్టి ఆపినాడు.

"ఈ గండ్లలో పడవ నిలుస్తాదా? పెట్రోలు యాడుండాది?"

"వదులన్నా. కనబడినాడు. నేను చూసి తిప్పుకొనొచ్చినా. చూసి, చూసి తిప్పుకొనొచ్చినా!"

ఆమె బురదలో కూలబడింది. వడగండ్లు వీపు మీద పడుతున్నా లేవలేదు. ఆసియా గోనెపట్ట తెచ్చి తల్లి మీద కప్పి, తానూ దాని కింద దూరింది. ఏడాది తరవాత మొదటిసారి ఆ పిల్ల నోటి నుంచి "నాయన" అనే మాట వచ్చింది.

"నాయన ఎట్లుండాడు మా?"

"నిలబడుండాడు" అంది మేరాజ్.

పన్నెండు దాటింది. ఒంటిగంటకు మసీదు మైకులో అజాన్ వినిపించింది. రెండుకు వడగండ్లు ఆగి, పొగలాగా ఆవిరి లేస్తూ ఎండ వచ్చింది. మేరాజ్ గోనెపట్ట తీసి కళ్ళు తెరిచింది.

సముద్రం అక్కడే ఉంది.

పడవలు లాక్కుపోవడానికి మోకులు తెచ్చినవాళ్ళు గట్టు మీద వరసగా కూర్చున్నారు. నీళ్ళు పోయినాక చేను చూసుకుందామని వచ్చిన భద్రమ్మ సద్దిమూట విప్పి రాగిముద్ద తింటోంది. ఎవరూ గడియారం చూడలేదు. అలలు లేవు. నీళ్ళు కదలకుండా, గిన్నెలో పోసిపెట్టినట్టు ఉన్నాయి.

ఓబుళేసు తన పడవ మోటారులోని పెట్రోలు తీసి ఆమె మోటారులో పోసినాడు. "ఆ పిల్ల ఫోన్ చేసింది. ఇంజెక్షన్ పడినాక అశోక్‌కు ఊపిరి ఆడిందంట" అన్నాడు. మూత బిగించి, ఆమె కళ్ళలోకి చూసినాడు. "పోయినేడు నేను పోవాల్సిన దారి ఇది. నేనూ వస్తానమ్మా."

"వద్దన్నా. ఆసియా దగ్గర ఎవురన్నా ఉండల్ల."

మంచినీళ్ళ క్యాను ఒకటి పడవలో పెట్టి అతను పక్కకు తప్పుకున్నాడు.

జెండాలు దాటి ఆమె నేరుగా పోయింది. ఒక గంట ఏమీ కనబడలేదు. గుర్తు పట్టడానికి కింద చేను లేదు, పైన మబ్బు లేదు. ఎటు చూసినా ఒకటే మాదిరి. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. పిలుద్దామంటే గొంతులో గరగర తప్ప ఏమీ రాలేదు. పెట్రోలు సగం అయిపోయింది. ఇంక వెనక్కి తిరిగితేనే ఒడ్డు చేరతానని లెక్క తెలిసింది. తిరగలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పోయింది.

నీలం పడవ ఎండలో ఒక పక్కకు ఒరిగి నిలబడుంది. లంగరు లేదు, అయినా కొట్టుకుపోవడం లేదు. అందులో ఇమాం హుస్సేన్ పడుకుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. చర్మం ఎండుచేప మాదిరి బిగిసిపోయింది. ఆమె ఆ పడవలోకి దాటి, అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. వెచ్చగా తగిలింది.

"లెయ్యి" అంది. "లెయ్యి, ఇంటికి పోదాం."

అతను కళ్ళు తెరిచి చాలాసేపు చూసినాడు. "వచ్చేశావా" అన్నాడు.

వచ్చేసినావా అనలేదు. వచ్చేశావా అన్నాడు. సముద్రం ఎక్కడెక్కడ తిప్పిందో, ఏ ఒడ్డు మనుషుల మాటలు విన్నాడో. మేరాజ్‌కు అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. మూత విప్పి అతనికి నీళ్ళు తాపించింది. అతను నాలుగు గుక్కలు తాగి, క్యాను ఆమె వైపు తోసినాడు.

"ఉపవాసం" అంది.

"రంజానా?" అని ఆశ్చర్యపోయినాడు. "పొద్దున మన ఊరి పొలిమేర దాకా వచ్చాను. నా పేరు పిలిచినట్టు వినిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు."

మేరాజ్ తల వంచుకుంది. "నేనే. పడవలో ఒకాయన పానం పోయేట్టుండె. తిప్పుకొనిపోయినా."

ఆమె అతన్ని తన పడవలోకి దాటించి ఒడ్డు వైపు తిప్పింది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు, అంతే. ఒడ్డు చేరేదాకా వదల్లేదు.

నిజానికి ఒడ్డుదాకా పడవ రాలేదు. జెండాల దగ్గరే పెట్రోలు అయిపోయింది. ఆమె తెడ్డు వేసింది. పది బారలు వేసిందో లేదో, తెడ్డుకు మన్ను తగిలింది. కింద నీళ్ళు పలచబడుతున్నాయి. ఇంకో నాలుగు బారలకు పడవ గంగప్ప చేనిలో నేలకు ఆనింది. ఇద్దరూ దిగినారు. చీలమండల లోతు నీళ్ళు, తరవాత పాదాల లోతు, తరవాత తడినేల. అతను ఆమె భుజం మీద బరువంతా వేసి, పసిపిల్లవాడు నడక నేర్చుకున్నట్టు అడుగులు వేసినాడు. దూరంగా గట్టు మీది నుంచి ఆసియా చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొస్తోంది. ఆ వెనక ఓబుళేసు.

ఇమాం హుస్సేన్ ఒక్కసారి ఆగినాడు. వెనక్కి తిరిగి, దిగిన మనిషి తన కోసం బస్సు ఆపిన డ్రైవరుకు చెయ్యెత్తినట్టు, జారిన భుజంతోనే చెయ్యి పైకెత్తినాడు.

సముద్రం వెళ్ళిపోయింది.