బాలప్ప రోగం, నా నొప్పులు

మా ఆయన బాలప్పకు మంగళారం పొద్దుగాల రోగమొచ్చింది. సోమారం మాపటిదాంక మనిషి మంచిగనే ఉండె. కంది బస్తాలు ఒక్కడే లేపి ట్రాక్టర్ల ఏసిండు, జొన్న రొట్టెలు కడుపునిండ తిన్నడు, పక్కింటోళ్లు లేచేటట్టు గురక పెట్టిండు. తెల్లారి నారాయణఖేడ్ బస్టాండు కాడ షుగర్ పరీక్షలు ఉత్తగనే చేస్తుండ్రని మా కొడుకు మహిపాల్ తోల్కపోయిండు. ఏలికి సూది గుచ్చి మిషిన్ల నెంబర్ సూపిచ్చిండ్రట. మనిషి ఇంటికొచ్చేసరికి కొడుకు భుజం మీద చెయ్యేసుకొని నడుస్తుండు.

"ఏమైందయ్యా?" అని ఉరికిన.

"షుగరంటనే," అన్నడు, పానం పోయేటోని లెక్క.

దవాఖానల డాక్టరమ్మ మళ్ల పరీక్ష చేసింది. షుగరున్నది నిజమే, ఏం నొప్పి లేదని గోలీలు ఇడువొద్దు, తెల్వకుండనే లోపల ఖరాబు చేస్తది, తీపి బంజెయ్యి, రోజు నడువు అని మంచిగ సమ్జాయించింది. మా మహిపాల్ చెవులకు షుగరున్నదన్న మాట ఒక్కటే ఎక్కింది. నాయినను ఇంటికి తెచ్చి మంచమేసి పండవెట్టిండు.

ఇగ నా సంగతి చెప్త. నాకు ఏండ్ల సంది ఒళ్లంత నొప్పులు. మణికట్లు, భుజాలు, నడుము. పొద్దుగాల లేస్తె చేతి ఏళ్లు ముడుచుకోవు. పట్నం పోయి రక్తమిచ్చినం, ఫోటువులు తీపిచ్చినం. అన్ని మంచిగున్నయన్నరు. "నీకేం లేదు పో అవ్వా," అని అక్కడి డాక్టర్ నవ్విండు. ఏం లేదంటే ఎవలికన్న సంబురమైతది గద! నాకు ఏడుపొచ్చింది. ఏం లేకుంటే మరి నొప్పి ఏడికెల్లి వస్తుంది?

ఆ దినం సంది నేను నొస్తుందంటే సాలు, "రిపోర్టుల ఏం లేదు గదనే అవ్వా," అంటడు మహిపాల్. నేను అబద్ధమాడుతున్ననని ఎవ్వలు అనలే. నిజమని గూడ అనలే. ఆఖరికి నాకే అనుమానం పట్టుకున్నది, నేనే నకరాలు చేస్తున్ననా అని. గోలీలు గూడ అక్కెర లేకుండె నాకు. ఒక్కరన్న, నిజమే కాశమ్మా నీకు నొస్తుంది అంటే సాలనిపిస్తుండె.

మా దిక్కు పానం బాగలేనోళ్లను మందలించ రాకుంటే, పానమెట్లున్నదని అడిగిపోకుంటే మాటొస్తది. అందుకే కంగ్టి నుంచి, నాగల్‌గిద్ద నుంచి ఆటోల మీద ఆటోలు దిగబట్టినయి. అందరి చేతుల్ల బ్రెడ్డు పాకిట్లు, అరటిపండ్లు. షుగరోనికి అరటిపండ్లేందమ్మా అంటే, ఉత్తచేతులతోని ఎట్లొస్తమే అంటరు. ఆయన దుప్పటి కప్పుకొని, "ఏదో, నడుస్తుంది," అని సన్నగ అంటుండె. నేను చాయ్ మీద చాయ్ పెడుతుంటి, రొట్టె మీద రొట్టె కొడుతుంటి. మహిపాల్‌కు ఇంక పెండ్లి గాలే, ఇంట్ల పనికి నేనొక్కదాన్నే ఆయె.

ఒకనాడు ఓపిక పట్టలేక అడిగిన.

"యాడ నొస్తుందయ్యా నీకు?"

"యాడ నొయ్యదే."

"మరెందుకు పన్నవ్?"

"షుగరు గద!"

నెత్తి కొట్టుకొని పొయ్యి కాడికి పోయిన.

నాలుగు దినాలైనంక మనిషి మాటలు తగ్గిచ్చిండు. నేను లేస్తె సూస్తడు, కూసుంటె సూస్తడు. ఏంది సూస్తున్నవంటే ఏం లేదంటడు. రోగం మనసుకెక్కిందేమో అని పరేషాన్ అయిన. పెండ్లైన కాడికెల్లి ఈయన పగటిపూట ఇంట్ల ఉన్నది లేదు. పొద్దుగాల చేనుకు పోతె మాపటికే వచ్చుడు. పగలంత ఇంట్ల నేను ఏం చేస్తనో, ఎట్ల చేస్తనో ఆయనకేం ఎరుక?

ఐతారం మనూర్ నుంచి మా ఆడిబిడ్డ నర్మద ఇంటిల్లిపాదిని ఏసుకొని వచ్చింది. "అన్నా, నీకెంత కష్టమొచ్చెనే!" అని దర్వాజ కాడికెల్లే ఏడ్సుకుంట వచ్చి, మంచం మీద కూసొని కాళ్లు వత్తుడు మొదలువెట్టింది. నేను చాయ్ పెడదామని చెయ్యి భూమికానిచ్చి లేచిన. "ఓ అవ్వా," అన్న. లేచేటప్పుడు ఆ మాట దానంతట అదే వస్తది.

"ఆగవే," అన్నడు మా ఆయన. దుప్పటి అవుతల పారేసి లేచి కూసున్నడు. "నర్మదా, కాళ్లు వత్తుడు బంజెయ్. షుగరున్నది, గోలీలు ఏసుకుంటున్న, రేపటి సంది డాక్టరమ్మ చెప్పినట్టు నడుస్త. నువ్వు మీ వదినెను మందలియ్యి."

"వదినెకేమైందే?"

"ఏమైందో డాక్టర్లకు దొరకలే. గీ మంచం మీద పన్నంక నాకు కండ్లవడ్డది. లేస్తె అవ్వా అంటది, కూసుంటె అవ్వా అంటది. రొట్టె కొట్టుకుంట కొట్టుకుంట నడుమ ఆగుతది. ఎందుకాగిందని సూస్తె, మణికట్టు పట్టుకొని కండ్లు మూసుకొని ఉంటది. నీళ్ల బిందె ఒక్క చేత్తోని లేపే మనిషి, ఇప్పుడు పొట్టకు ఆనిచ్చుకొని లేపుతది. ఎవ్వలు సూస్తలేరనుకొనే చేస్తది గివన్ని. ఎవ్వలు సూడనప్పుడు మనిషి నకరాలెందుకు చేస్తది?"

మహిపాల్ గొనిగిండు. "రిపోర్టుల మరి..."

"పొయ్యిల వెట్టు నీ రిపోర్టు! నాకేం నొయ్యకున్నా రోగమున్నదంటే నమ్మి పండవెడితివి. మీ అవ్వ నొస్తుందంటే కాయిదం సూపియ్యమంటవా? రేపు నాతోపాటు దవాఖానకు వస్తది. నేనే చెప్త డాక్టరమ్మకు."

పిల్లగాడు తల వంచుకున్నడు. నేను కొంగు నోట్ల కుక్కుకున్న. ఏడ్సిన్నో నవ్విన్నో, రెండు అయినట్టున్నయి. ఆయన నా రెక్క పట్టుకొని మంచం మీద కూసుండవెట్టిండు. నర్మద నా దగ్గరికి జరిగింది.

"పానమెట్లున్నదే వదినె?"

ఏం లేదమ్మా, మంచిగున్న అని నోటిదాంక వచ్చింది. మింగేసిన. ఎన్ని దినాలకు అడిగిండ్రు, ఎందుకిడుస్త? మణికట్ల కాడ మొదలువెట్టి భుజాలకు పోయిన, నడుముకు వచ్చిన. సలికి ఎట్లుంటదో చెప్పిన, బట్టలు పిండుతుంటె ఎట్లుంటదో చెప్పిన. నర్మద "అయ్యో", "ఔనా" అనుకుంట ఇన్నది. మా ఆయన పెండ్లైనంక మొదటిపారి పొయ్యి కాడ కూసొని చాయ్ పెట్టిండు. తనకు లేదని ఎవ్వలకూ శక్కెర ఏయలే. మనూరోళ్లు మొఖాలు వంకర పెట్టుకొని తాగుతుంటె నాకు నవ్వాగలే.

మాపటికి ఆటో ఎక్కుకుంట నర్మద మళ్ల అడిగింది. "ఇప్పుడెట్లున్నదే?"

మణికట్టు నొస్తనే ఉండె. నడుము గుంజుతనే ఉండె.

"పానం మంచిగున్నదే," అన్న. ఒట్టు, నిజమే చెప్పిన.